పట్టు ఎంత గట్టిదని కాదు, ఎంత ఒకేలా ఉందని

అందరికీ నమస్కారం. మెకానికల్ పిల్లలకు ఇంటర్‌ఫియరెన్స్ ఫిట్ గురించి, అంటే రంధ్రం కంటే కాస్త పెద్ద వస్తువును అందులో బిగించడం గురించి, నాలుగు మాటలు చెప్పమన్నారు. మన ఒంగోలు పల్లెల్లో బండి చక్రానికి ఇనప పట్టా వేసింది ఆ లెక్కతోనే. పట్టాను చక్రం కంటే కాస్త చిన్నదిగా చేసి, ఎర్రగా కాల్చి ఎక్కించి, నీళ్లు పోసేవాళ్లు. చల్లారాక చక్రాన్ని బిగబట్టేది. అదే బిగింపు వెయ్యో వంతు అంగుళం దగ్గర ఎలా ఉంటుందో తెలియాలంటే వేట రైఫిల్ తూటాను చూడాలి.

అమెరికాలో చాలామంది వేటగాళ్లు పేలిన తూటా ఇత్తడి కేసును, అంటే దాని తొడుగును, పారేయకుండా, కొత్త ప్రైమర్ (మందును అంటించే చిన్న మూత), తుపాకీ మందు, గుండు పెట్టి మళ్లీ వాడుకుంటారు. మన దగ్గర లైసెన్సు లేకుండా తూటా తయారుచేయడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం. 1972 వన్యప్రాణి చట్టం కింద వేట కూడా నిషిద్ధం. చేలో అడవిపందులు పడుతున్నాయని ఎవరూ ఇంట్లో ఇలాంటి పనికి దిగొద్దు. మనకు కావలసింది ఇందులోని లోహం సంగతి.

గుండును పట్టుకునేది కేసు మెడ. ఆ పట్టునే నెక్ టెన్షన్ అంటారు. గుండు వ్యాసం 0.308 అంగుళం, మెడ లోపలి వ్యాసం 0.306 అనుకోండి. తేడా రెండు థౌలు (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు), సుమారు 0.05 మిల్లీమీటరు. తేడా పెంచితే పట్టు కూడా అలాగే పెరుగుతుందనుకుంటాం. కొంతవరకే పెరుగుతుంది. ఆపైన ఇత్తడి సాగిపోతుంది, గుండే మెడను వెడల్పు చేసేస్తుంది.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. ఒకే డైలో, అంటే ఒకే అచ్చులో, నొక్కి సైజు చేసిన రెండు కేసులు తీసుకోండి. కొలిస్తే రెండూ ఒకటే. గుండు దింపేటప్పుడు మాత్రం ప్రెస్ పిడి ఒకదానికి మెత్తగా దిగుతుంది, రెండోదానికి మొరాయిస్తుంది. ఎందుకంటే కేసు ఇత్తడిలో 70 శాతం రాగి, 30 శాతం జింకు. పేలినప్పుడల్లా, సైజు చేసినప్పుడల్లా అది గట్టిపడుతుంది. గట్టిపడిన కొద్దీ స్ప్రింగ్‌బ్యాక్, అంటే నొక్కి వదిలాక వెనక్కి లేచే గుణం, పెరుగుతుంది, చివరికి మెడ చీలుతుంది. అందుకే మెడను, దాని కింది భుజాన్ని మాత్రం వేడిచేసి మెత్తబరుస్తారు, దాన్నే అనీల్ చేయడం అంటారు. అడుగుభాగానికి ఆ వేడి తగలకూడదు. పేలుడు ఒత్తిడిని ఆపేది అదే. అది మెత్తబడితే కాల్చేవాడి ప్రాణానికే ముప్పు.

పట్టు ఒక్కో తూటాకు ఒక్కోలా ఉంటే గుండు వేగాలు మారతాయి, దూరాన దెబ్బలు పైకీ కిందికీ పడతాయి. అలాగని టార్గెట్ షూటర్ల మాదిరి మరీ వదులు పెట్టడం వేటలో పనికిరాదు. ఒకటి పేల్చినప్పుడు ఆ కుదుపుకు మ్యాగజైన్‌లోని మిగతా గుండ్లు లోపలికి జరగొచ్చు. జరిగితే మందుకు చోటు తగ్గి ఒత్తిడి ప్రమాదకరంగా పెరగొచ్చు. కాబట్టి బిగువు తగినంత ఉండాలి, అన్నిటికీ ఒకేలా ఉండాలి. నా దృష్టిలో ఈ రెండో మాటే పెద్దది, దాన్ని కాలిపర్ చూపించదు.

మీ ల్యాబ్‌లో మామూలు ఇత్తడి గొట్టం ముక్కలతో దీన్ని చూడొచ్చు. సగం ముక్కలు అనీల్ చేయండి, సగం అలాగే ఉంచండి. అన్నిటి లోపలి వ్యాసం ఒకేలా ఉండేట్టు రీమ్ చేసి (లోపల సన్నగా చెక్కి), రెండు థౌలు పెద్దదైన స్టీలు పిన్నును యూటీఎంలో, అంటే బలాన్ని కొలిచే యూనివర్సల్ టెస్టింగ్ మెషీన్‌లో, పెట్టి నొక్కండి. పట్టిన బలాన్ని ఒక్కో ముక్కకూ రాసుకోండి. ఆ అంకెలు చూశాక మళ్లీ మాట్లాడుకుందాం.