కొబ్బరినీళ్ళు ఎందుకొద్దన్నారు?

సభకు నమస్కారం. మన చెన్నై పెరంబూరు తెలుగువాళ్ళ మధ్య నిలబడితే నాకు పుట్టింటికి వచ్చినట్టే ఉంటుంది. పిలిచిన పెద్దలకు, సంక్రాంతి అలసట తీరకముందే పిల్లల్ని వెంటబెట్టుకొచ్చిన తల్లులకు, పొద్దుటి నుంచి కుర్చీలు సర్దిన కుర్రాళ్ళకు పేరుపేరునా కృతజ్ఞతలు.

మార్చిలో పబ్లిక్ పరీక్షలు. బయాలజీ ఎలా రివైజ్ చేసుకోవాలో చెప్పమన్నారు. అయిదు అంశాలు రాసుకొచ్చాను. మొదటిది: పుస్తకం మూయండి.

రంగు పెన్నుతో గీతలు గీస్తూ నాలుగోసారి చదివితే అంతా వచ్చేసినట్టే ఉంటుంది. కళ్ళకు ఆ పేజీ అలవాటైంది, అంతే. మూసేసి, తెల్లకాగితం మీద నెఫ్రాన్ బొమ్మ, అదే కిడ్నీలో రక్తాన్ని వడకట్టే సన్నగొట్టం బొమ్మ వేసి భాగాలకు పేర్లు పెట్టండి. చెయ్యి ఎక్కడ ఆగిందో అక్కడే మీరు చదవాల్సింది ఉంది.

నెఫ్రాన్ అన్నాను కాబట్టి ఒక సంగతి చెప్పాలి. మిగతా నాలుగు అంశాలూ తర్వాత చూద్దాం.

నేను ప్లస్ టూ, అంటే పన్నెండో తరగతి చదివేటప్పుడు మా నాన్న ఇక్కడే ఐసీఎఫ్ రైలుపెట్టెల ఫ్యాక్టరీలో ఫిట్టరు. ఆ ఏడాదే ఆయన కిడ్నీలు చెడాయి. ఆసుపత్రి నుంచి వచ్చిన రాత్రి అమ్మ నన్నడిగింది: "కొబ్బరినీళ్ళు చలవే గదే. నాన్నకెందుకు వద్దన్నారు? నీ పుస్తకంలో ఉందా?"

నాకు ఆ పాఠం కంఠతా వచ్చు. ఒక్కో కిడ్నీలో సుమారు పది లక్షల నెఫ్రాన్లు, రోజుకు 180 లీటర్లు వడకడితే బయటికి పోయేది లీటరున్నర. అంతా ఇంగ్లీషులో గడగడా అప్పజెప్పాను. అమ్మ ఓపిగ్గా విని, "మరి కొబ్బరినీళ్ళ సంగతేమిటి?" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రి మళ్ళీ పుస్తకం తీశాను. కొబ్బరినీళ్ళలో పొటాషియం మెండు. ఒంట్లో ఎక్కువైన పొటాషియాన్ని నెఫ్రాన్ చివరి మెలికలు మూత్రంలోకి తోసేస్తాయి. కిడ్నీ ఆ పని చెయ్యలేకపోతే అది రక్తంలో పేరుకుని నరాల, కండరాల సంకేతాలను చెదరగొట్టి గుండె లయ తప్పిస్తుంది, గుండె ఆగిపోనూవచ్చు. కిడ్నీ పాఠంలో మొదలుపెట్టినదాన్ని నరాల పాఠం మీదుగా గుండె పాఠంలో తేలాను. అప్పటిదాకా అవి నాకు మూడు వేరువేరు పాఠాలు.

పొద్దున వంటింట్లో అమ్మకు తెలుగులో చెప్పాను. కిడ్నీ జల్లెడ లాంటిదన్నాను. "జల్లెడైతే మంచివి కూడా కిందికి పోవాలిగా?" అంది. మళ్ళీ పుస్తకం దగ్గరికి పరుగు. అయిదో తరగతి చదివిన మా అమ్మ అడిగితే తప్ప, వడపోత తర్వాత గ్లూకోజును తిరిగి పీల్చుకోవడం ఎందుకో నాకు తోచలేదు. నాన్న మరుసటేడు పోయారు. ఆ పాఠం మాత్రం నేను ఈనాటికీ మరిచిపోలేదు.

అమ్మలూ, మిమ్మల్ని చేతులు జోడించి అడుగుతున్నాను. పిల్ల చదువుతుంటే కాఫీ పెట్టి వెళ్ళిపోకండి. పక్కన కూర్చుని "అంటే ఏమిటే?" అనండి. మీకు సైన్సు రానక్కర్లేదు.

ఇంకో బాధ కూడా చెప్పుకోవాలి. నేను పనిచేసిన ఒక బడిలో ప్లస్ వన్ పాఠాలు ఎగరగొట్టి, రెండేళ్ళూ ప్లస్ టూ పుస్తకమే రుద్దించేవారు. వద్దని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. ఆ పిల్లలు డాక్టరు చదువుకు రాసే నీట్ పరీక్షకు కూర్చుని ఏడ్చారు. అక్కడ 720 మార్కుల్లో 360 బయాలజీవే, పైగా రెండేళ్ళ పాఠాల్లోంచీ అడుగుతారు. తప్పు జవాబుకు ఒక మార్కు పోతుంది. కిడ్నీ, గుండె, నరాలు అన్నీ ప్లస్ వన్‌లోవే. పాత పుస్తకం ఎవరికైనా ఇచ్చేసి ఉంటే, ఇవాళే తెచ్చుకోండి.

టైమైందని చీటీ పంపారు. ముందు వరసలో పచ్చ ఓణీ వేసుకున్న అమ్మాయ్, నువ్వే, లేమ్మా. మొక్కల్లో ద్విఫలదీకరణం చదివావుగా? కొబ్బరికాయలో ఉన్న నీళ్ళు కూడా ఎండోస్పెర్మే, అంటే గింజలో పిండంతో పాటు తయారయ్యే భాగమే. ఒక పురుషబీజం అండంతో కలుస్తుంది, రెండోది వెళ్ళి రెండు ధ్రువ కేంద్రకాలతో కలుస్తుంది. ఆ రెండో కలయికలోంచే ఈ నీళ్ళు, ఆ లేత కొబ్బరి పుట్టాయి. అది మొక్కకు ఎందుకు అవసరమో మీ అమ్మవైపు తిరిగి తెలుగులో చెప్పు. పుస్తకం ఇలా నాకిచ్చెయ్.