డిస్ట్రిబ్యూటర్ తిరిగి బిగించేటప్పుడు టైమింగ్

పెద్దలకు, తోటి మెకానిక్కులకు నమస్కారం. చెన్నైలో పాత అంబాసిడర్లను, ఈ మద్రాసులోనే తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌లను నేటికీ రోడ్డు మీద తిప్పుతున్న మీ ముందు, ప్లగ్గులకు వంతులవారీగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌ను తిరిగి బిగించేటప్పుడు టైమింగ్ (ప్లగ్గులో నిప్పురవ్వ సరైన క్షణంలో పడేలా అమర్చడం) గురించి మాట్లాడడం నాకు సంతోషంగా ఉంది.

క్రాంక్ (ఇంజిన్ ప్రధాన ఇరుసు) పుల్లీ మీది గుర్తును మాత్రమే నమ్మి డిస్ట్రిబ్యూటర్ బిగించకూడదన్నది నా గట్టి అభిప్రాయం. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే గాని డిస్ట్రిబ్యూటర్ లోపల తిరిగే రోటర్ ఒక చుట్టు తిరగదు. అందువల్ల ఆ గుర్తు రెండుసార్లు సరిపోతుంది, వాటిలో ఒక్కటే కంప్రెషన్ (పిస్టన్ గాలిని నొక్కే దశ) చివర వచ్చేది. రెండోది పట్టుకుంటే ఇంజిన్ అందుకోదు, కార్బురేటర్‌లోంచి ఎదురు మంట కొడుతుంది. ఒకటో సిలిండర్ ప్లగ్గు తీసి, రంధ్రం మీద వేలు పెట్టి, న్యూట్రల్‌లో హ్యాండిల్ తిప్పితే గాలి వేలిని తోసేదే కంప్రెషన్. రాకర్ కవర్ తీసి ఉంటే ఇంకా నిశ్చయం: అప్పుడు ఒకటో సిలిండర్ రాకర్లు (వాల్వులను నొక్కే చేతులు) రెండూ వదులుగా ఉంటాయి, నాలుగోదాని వాల్వులు ఒకటి మూసుకుంటూ మరొకటి తెరుచుకుంటూ ఉంటాయి. లూకాస్ కంపెనీ డిస్ట్రిబ్యూటర్ అడుగు నాలుక ఒకే వైపు కూర్చుంటుందన్న ధీమా చాలదు. లోపలి డ్రైవ్ గేరును ఎవరైనా ఎప్పుడో తప్పుగా దించి ఉండవచ్చు.

పాయింట్ల (డిస్ట్రిబ్యూటర్‌లో కలిసి విడిపోతూ కరెంటును తెంచే కొనల) గ్యాప్ ముందే, సుమారు 0.015 అంగుళానికి, పెట్టుకోవాలి. తరువాత మారిస్తే టైమింగ్ కూడా మారిపోతుంది. ఆపై మాన్యువల్‌లో చెప్పిన డిగ్రీ దగ్గరికి క్రాంక్‌ను తిరిగే దిక్కునే తేవాలి. కాస్త దాటిపోతే అక్కడికక్కడే వెనక్కి లాగి ఆపకూడదు, బాగా వెనక్కి తెచ్చి మళ్లీ ముందుకు రావాలి, లేకపోతే చెయిన్, గేర్ల వదులు లెక్కలో కలిసిపోతుంది. డిస్ట్రిబ్యూటర్ పాయింట్ల టెర్మినల్‌కూ బాడీకీ మధ్య 12 వోల్టుల బల్బు పెట్టి, ఇగ్నిషన్ వేసి, డిస్ట్రిబ్యూటర్‌ను పట్టి ఉంచే క్లాంప్ వదులు చేసి, పాయింట్లు మూసుకునే దాకా డిస్ట్రిబ్యూటర్ బాడీని రోటర్ తిరిగే దిక్కుకు తిప్పాలి. తరువాత మెల్లగా ఎదురు దిక్కుకు తెస్తే బల్బు వెలిగిన చోటే పాయింట్లు విడిన చోటు. అక్కడ బిగించి, రోటర్ ఎదురుగా ఉన్న టవర్‌ను (క్యాప్ మీద వైరు గుచ్చే గొట్టాన్ని) ఒకటిగా తీసుకుని, అంబాసిడర్, హెరాల్డ్ రెండు ఇంజిన్లలోనూ రోటర్ గడియారానికి ఎదురు దిక్కులో తిరుగుతుంది గనుక, ఆ దిక్కునే 1-3-4-2 వరుసలో వైర్లు వేయాలి.

చివరి పరీక్ష రోడ్డే. బండిని కత్తిపారా ఫ్లైఓవర్ మీదికి టాప్ గేరులో లోడుతో ఎక్కించినప్పుడు ఇంజిన్ నాకింగ్ (టకటక శబ్దం) చేస్తే, డిస్ట్రిబ్యూటర్ బాడీని రోటర్ తిరిగే దిక్కుకే రవ్వంత తిప్పి, క్లాంప్ బిగించి, అదే ఎత్తు మళ్లీ ఎక్కించి చూడండి.