క్యాంపు అయ్యాక పద్నాలుగు రోజులు

హోస్ట్: నమస్తే. ఈరోజు మనతో ఉన్న అక్క విశాఖపట్నంలో ల్యాబ్ టెక్నీషియన్. ఆరేళ్లుగా ప్రతి వానాకాలం సెలవు పెట్టుకుని పాడేరు ఏజెన్సీలో మెడికల్ క్యాంపులకు వెళ్తున్నారు. పేరు వద్దన్నారు కాబట్టి అక్కా అనే పిలుస్తాను. అక్కా, మొదటిసారి ఏం పట్టుకెళ్లారు?

అక్క: సిరప్‌లు! (నవ్వు) అట్టపెట్టెల నిండా విటమిన్ సిరప్‌లు. ఎవరో దాతలు ఇచ్చారు. ఘాట్ ఎక్కాక ఒకచోట జీపు ఆగిపోయింది. అక్కణ్నించి వాగు దాటి గంటన్నర నడక. ఆ పెట్టెలన్నీ మోసిందెవరనుకున్నావ్? ఆ ఊరి కుర్రాళ్లే. సేవ చేస్తామని వెళ్లి వాళ్ల చేత మూటలు మోయించాం. తీరా విప్పి చూస్తే సగం సీసాలకి రెండు నెలల్లో ఎక్స్‌పైరీ. దానంగా ఇచ్చే మందు చేరేసరికి కనీసం ఏడాది గడువు మిగిలి ఉండాలని డబ్ల్యూహెచ్‌ఓ ఎప్పుడో చెప్పింది. మాలో ఒక్కరూ తేదీ చూడలేదు.

హోస్ట్: అక్కడ మీ పని మలేరియా టెస్టులేగా?

అక్క: ఎక్కువగా అదే. ఆర్‌డీటీ కిట్ అంటారు, అరచేతిలో పట్టే ప్లాస్టిక్ పట్టీ. ఉంగరం వేలు తుడిచి, పొడిచి, మొదటి చుక్క దూదితో తీసేసి, తర్వాతి చుక్క పట్టీ మీద వేస్తాం. ఆ పైన కిట్‌తో వచ్చే బఫర్ అనే ద్రావణం చుక్కలు. ఇక పావుగంట, ఇరవై నిమిషాలు ఊరికే చూస్తూ కూర్చోవడమే. 'సి' దగ్గర గీత రాకపోతే ఆ కిట్ చెడిపోయినట్టు, మళ్లీ ఇంకో పొడుపు. రెండోసారి వేలు ఇమ్మంటే పిల్లలు మన మొహం చూసే చూపుంటుందే, అది చెప్పలేను.

హోస్ట్: మైక్రోస్కోపు పట్టుకెళ్లరా?

అక్క: ఒక ఏడాది పట్టుకెళ్లాను. ఆ తేమకి లెన్సుకి బూజు పట్టేసింది. రోనాల్డ్ రాస్ గుర్తొచ్చాడు. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాద్‌లోనేగా దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. చెమటకి తన మైక్రోస్కోపు స్క్రూలు తుప్పు పట్టాయని రాసుకున్నాడు పాపం. నా బూజు ఆ తుప్పుకి చెల్లెలనుకుని సరిపెట్టుకున్నా.

హోస్ట్: పాజిటివ్ వస్తే?

అక్క: ఏ రకమో చూడాలి. ఫాల్సిపేరం అయితే ప్రమాదం, మెదడు దాకా పోవచ్చు. దానికి మూడు రోజుల కోర్సు. ఆ ప్యాకెట్లు వయసుని బట్టి రంగుల్లో ఉంటాయి. ఏడాది లోపు వాళ్లకి గులాబీ, తర్వాత పసుపు, ఆకుపచ్చ, ఎరుపు, పదిహేను దాటితే తెలుపు. చదువు రాకపోయినా రంగు చెప్తే చాలు. మంచి ఆలోచన అది. వైవాక్స్ అనే ఇంకో రకంతోనే తలనొప్పి. అది కాలేయంలో దాక్కుని నిద్రపోతుంది. మూడు రోజుల క్లోరోక్విన్‌కి జ్వరం తగ్గిపోతుంది, మనిషి పనికి పోతాడు, కొన్ని వారాలకో నెలలకో మళ్లీ లేస్తుంది. ఆ దాక్కున్నదాని కోసం ప్రైమాక్విన్ పద్నాలుగు రోజులు వేసుకోవాలి. గర్భిణులకీ, ఏడాది లోపు పిల్లలకీ అది ఇవ్వరు.

హోస్ట్: ఒంట్లో బాగున్నాక పద్నాలుగు రోజులు ఎవరు వేసుకుంటారక్కా? నేనే వేసుకోను.

అక్క: అదే కదా. పైగా మొదటి ఏడాది నేనో ఘనకార్యం చేశాను. ఒకావిడకి మాత్రలిచ్చి, "భోజనం చేశాక ఒకటి వేసుకో" అన్నాను. తలూపింది. నాలుగో రోజు చూస్తే మాత్రలన్నీ చీర కొంగున అలాగే ముడివేసి ఉన్నాయి. ఏంటమ్మా అంటే, భోజనం చేయలేదంది. పొద్దున్న చోడి అంబలి తాగి పోడు మీదకి పోతుంది, మళ్లీ రాత్రి ఎప్పుడో ఇంత తింటుంది. అంబలి ఆవిడ లెక్కలో భోజనం కాదు. నేను నా వంటింటి లెక్క చెప్పొచ్చాను, ఆవిడ నా మాటకి అక్షరాలా కట్టుబడింది. తప్పెవరిది?

హోస్ట్: ఇప్పుడేమని చెప్తారు?

అక్క: నేను చెప్పను. ఆశా చెప్తుంది, అదే, ఊళ్లో ఉండే ఆరోగ్య కార్యకర్త. చాలామంది ఇళ్లలో కువి మాట్లాడతారు, కొన్ని ఊళ్లలో ఒడియా యాస. తెలుగు సంతలో బేరానికి సరిపోతుంది, ఒంట్లో బాధ చెప్పుకోవడానికి చాలదు. ఆశా ఆ ఊరి మనిషి. ఎవరింట్లో ఎప్పుడు పొయ్యి వెలిగిస్తారో ఆవిడకి తెలుసు. "అంబలి తాగి మింగు, నా ముందే మింగు" అంటుంది. అంతే.

హోస్ట్: మరి దోమతెరలు ఇచ్చారు కదా, వాడరెందుకని మనవాళ్లు తిడుతుంటారు.

అక్క: ఒక ఇంట్లో కోళ్ల గంప మీద కప్పగా చూశాను, కాదనను. కానీ పంట కాపలాకి కొండ మీద గుడిసెలో పడుకునేవాడు తెర ఎక్కడ కట్టుకుంటాడు? ఇంట్లో కట్టిన తెర ఇంట్లోనే ఉంటుంది, మనిషేమో కొండ మీద. రెండు రాత్రులు అక్కడ పడుకుంటే తిట్టడం మానేస్తాం.

హోస్ట్: డోలీ మోతలు ఇంకా ఉన్నాయా?

అక్క: రోడ్డు లేని ఊళ్లకి ఉన్నాయి. కర్రకి దుప్పటి కట్టి, ముందొకరు, వెనకొకరు. బైక్ అంబులెన్సులు వచ్చాయిలే, కానీ వాగు పొంగితే బైకూ ఇవతలే. ఒకసారి జ్వరంతో ఉన్న మనిషిని తెస్తుంటే నేనూ భుజం పట్టబోయాను. "మీరు జారతారు, పక్కకి రండి" అన్నారు. నిజమే, జారాను కూడా.

హోస్ట్: ఈ ఎపిసోడ్ విని ఎవరైనా మీతో వస్తామంటే?

అక్క: డాక్టరే అవ్వక్కర్లేదు. చక్కగా రాసేవాళ్లు కావాలి నాకు. ఎవరికి ఏ మందు ఇచ్చాం, ఏ రోజు మొదలు, ఇంటి గుర్తు ఏంటి... ఆ జాబితా సాయంత్రానికి ఆశా చేతికీ పీహెచ్‌సీకీ అందాలి. క్యాంపంటే ఒక్కరోజు పని. మిగతా పదమూడు రోజులు మోసేది వాళ్లే. ఆ రాతలు సరిగ్గా లేకపోతే మేం వెళ్లి ఊరికి రెండు పూటల సందడి చేసొచ్చినట్టే. రెయిన్‌కోటు తెచ్చుకోండి, గొడుగొద్దు, చేతులు ఖాళీగా ఉండాలి. జలగలకి ఉప్పు.

హోస్ట్: మొన్న ఏదో ఫోటో చూపించారు...

అక్క: ఆ, మాత్రలు వేసుకునేవాళ్ల ఇంటి గోడది! ఆశా సంతకొచ్చినప్పుడు సిగ్నల్ దొరికితే పంపుతుంది. రోజుకో మాత్ర, గోడ మీద బొగ్గుతో రోజుకో గీత. ఆవిడ పెట్టిన పద్ధతే, మేం నేర్పింది కాదు.

హోస్ట్: పద్నాలుగూ ఉన్నాయా?

అక్క: పదకొండు. మధ్యలో వాళ్లు చుట్టాలింటికి వెళ్లారట. మాత్రలు వెంట తీసుకెళ్లారో, ఇంట్లోనే ఉన్నాయో చూసొస్తానంది. వచ్చే సంత దాకా ఆగాలి.