పిన్ని ఇంటి ఖర్చు, జిల్లా లెక్క

అందరికీ నమస్కారం. స్టేజీ మీద పెద్దల పేర్లన్నీ చదివితే పది నిమిషాలు పోతాయి, క్షమించండి, విషయంలోకి వచ్చేస్తాను. ఆదాయ అసమానతల్ని ఎలా కొలుస్తారో, తగ్గించడానికి ఏం లక్ష్యాలు పెట్టుకోవాలో చెప్పమన్నారు. గినీ అని ఒక లెక్క ఉంది, 1912లో ఇటలీ ఆయన కొరాడో గినీ చెప్పింది. అందరికీ సమానంగా ఉంటే సున్నా, అంతా ఒక్కడి దగ్గరే ఉంటే ఒకటి. మన దేశంలో 2023-24 సర్వేలో పల్లెల్లో 0.237, పట్టణాల్లో 0.284 వచ్చింది, ముందు ఏడాది కంటే తగ్గింది కూడా. కానీ అది ఆదాయం కాదండీ, ఖర్చు! ఏం కొన్నారు, ఎంత పెట్టారు అని ఇంటింటికీ అడిగి తీసింది. డబ్బున్నోళ్ళు దాచుకున్నది ఇందులో పడదు. మరి లేనోళ్ళ సంగతి?

మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి దగ్గర, మా పిన్ని ఉండేది. బాబాయికి కిడ్నీలు పోయాయి. డయాలసిస్ ఫ్రీయే, కానీ ఆటో, మందులు, తోడెళ్ళిన రోజు పిన్ని కూలి పోవడం, ఇవన్నీ ఎవరిస్తారు? ఒకరోజు సర్వే కుర్రాడొచ్చాడు, నేను అరుగు మీదే ఉన్నాను. మందులకెంత, ఆటోకెంత అని రాసుకుంటున్నాడు. పిన్ని అంది, "ఏటి బాబూ రాస్తన్నావు, అదంతా అప్పే కదా, జీడితోట తాకట్టెట్టీసినాం." "అప్పు ఈ కాగితంలో లేదమ్మా" అన్నాడు. అతని తప్పు లేదు, అప్పుల సర్వే వేరే ఉంది, 2019లో చేసారు, అది వేరే కాగితం. కానీ చూడండి, తోట పోయే ఇల్లు కాగితం మీద ఖర్చు పెరిగిన ఇల్లయిపోయింది. ఏ గినీ నంబర్ చూసినా నాకు ఆ అరుగే గుర్తొస్తుంది.

ఎక్కడున్నాను... ఆ, లక్ష్యాలు. ఐక్యరాజ్యసమితి 2015లో ఏం పెట్టుకుంది? 2030 కల్లా అడుగున ఉన్న 40 శాతం మంది ఆదాయం దేశ సగటు కంటే వేగంగా పెరగాలి అని. అసమానత లేకుండా చేసేస్తాం అనలేదు. మన జిల్లాకీ అలాంటిదే కావాలి, మండలానికి ఎన్ని ఇళ్ళు వైద్యానికి అప్పు చేసాయి, పలాసలో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ళ కూలి ఎంత పెరిగింది, గుజరాత్‌లో వెరావల్‌కి చేపల వేటకెళ్ళినోళ్ళు ఇంటికెంత పంపారు, ఏటా అవే ఇళ్ళకెళ్ళి అడగాలి. 2023 డిసెంబర్లో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి వచ్చింది, సంతోషం, మరి ఆ తర్వాత అప్పులు తగ్గాయా అని ఇల్లిల్లూ అడిగితేనే కదా తెలిసేది?

టైమ్ అయిందని చీటీ పంపారు, ఒక్క నిమిషం. అక్కలారా, అన్నలారా, మీ ఇంటికి సర్వే వాళ్ళొస్తే ఖర్చుతో పాటు అప్పు కూడా చెప్పండి, గడి లేదంటే పక్కన మార్జిన్లో అయినా రాయమనండి, రాసేదాకా గుమ్మం దగ్గరే కూర్చోబెట్టండి.