ఖాళీ సరిగ్గానే చూస్తాడు, కదలడమే లేటు

[కుక్కర్ విజిల్]

అక్క: అందరికీ నమస్కారం. కుక్కర్ చప్పుడుకి ఏమీ అనుకోకండి, ఇవాళ మా ఇంట్లోనే రికార్డ్ చేస్తున్నాం. దసరా సెలవులకి మా తమ్ముడు హైదరాబాద్ నుంచి విజయవాడ వచ్చాడు. బ్యాగు కింద పెట్టకముందే మా చిన్నోడి సైకిల్ మీద గొడవ పెట్టుకున్నాడు.

తమ్ముడు: గొడవేం కాదు. పదేళ్ల పిల్లాడికి ఇంత పెద్ద సైకిల్ ఎందుకు కొన్నావని అడిగానంతే.

అక్క: పెరుగుతాడు కదరా! రెండేళ్లకోసారి కొత్తది ఎవరు కొంటారు? నీకూ నాన్న అలాగే కొన్నాడు. బార్ కింద నుంచి కాలు దూర్చి తొక్కేవాడివి, మర్చిపోయావా?

తమ్ముడు: ఎలా మర్చిపోతాను, మోకాలి మీద మచ్చ ఇంకా ఉంది. కానీ మనం తొక్కింది ఊళ్లో చెరువు గట్టు మీద. వీడు దాటాల్సింది ఏలూరు రోడ్డు.

అక్క: నా టెన్షన్ కూడా అదే. ట్యూషన్ అవతలి వైపు. సైకిల్ మీద ఒక్కడినే వెళ్తానని పట్టుబట్టాడు. మీ బావ సరే అనేశారు. ఒక వారం పంపించాను. రోజూ గేటు దగ్గర "రెండు వైపులా చూసి దాటు నాన్నా" అని చెప్తాను. చూస్తాడు కూడా, వెనకాలే వెళ్లి గమనించాను. అయినా వాడు అవతలికి చేరేలోపు ఏదో ఒక బండి వాడి వెనక చక్రాన్ని రాసుకుంటూ పోయినట్టే ఉంటుంది. ఆ వారం తర్వాత మాన్పించేశాను.

తమ్ముడు: నువ్వు ఫోన్‌లో ఈ మాట చెప్పినప్పుడే నాకు అయోవా యూనివర్సిటీ వాళ్ల ప్రయోగం గుర్తొచ్చింది. అమెరికాలో జోడీ ప్లూమర్ట్ అనే సైకాలజీ ప్రొఫెసర్, ఇంకో ఇద్దరు కలిసి చేశారు. 2004లో అచ్చయింది. పిల్లల్ని నిజం ట్రాఫిక్‌లోకి తోయలేరు కదా. అందుకని ఒక గదిలో సైకిల్‌ని కదలకుండా బిగించి, చుట్టూ తెరల మీద వీధి చూపించారు. తొక్కితే వీధి కదులుతుంది.

అక్క: వీడియో గేమ్ లాగా.

తమ్ముడు: అచ్చం అలాగే. పదేళ్ల వాళ్లు, పన్నెండేళ్ల వాళ్లు, పెద్దవాళ్లు. అందరూ ఆరు కూడళ్లు దాటాలి. అడ్డంగా కార్లు పోతూ ఉంటాయి, ఒకచోట గంటకి 40 కిలోమీటర్ల వేగంతో, ఇంకోచోట 56తో.

అక్క: పిల్లలు ఆగలేక చిన్న ఖాళీల్లో దూరిపోయి ఉంటారు.

తమ్ముడు: నేనూ అదే అనుకున్నాను. కానీ కాదక్కా. రెండు కార్ల మధ్య ఎంత ఖాళీ ఉంటే పెద్దవాళ్లు బయల్దేరారో, పిల్లలూ అంతే ఖాళీ చూసుకుని బయల్దేరారు. అక్కడ తప్పు లేదు. కానీ అవతలికి చేరేసరికి, వచ్చే కారు మీదకి రావడానికి పెద్దవాళ్లకి మిగిలినంత టైమ్ పిల్లలకి మిగల్లేదు. చాలా తక్కువ మిగిలింది.

అక్క: ఖాళీ ఒకటే అయినప్పుడు అదెలా?

తమ్ముడు: కదలడం లేటు. మనమైతే ముందు కారు ఇంకా పోతుండగానే పెడల్ మీద బరువు వేసేస్తాం, అది దాటిందో లేదో దాని వెనకే జారిపోతాం. పిల్లాడు అలా కాదు. కారు పోయాక, ఖాళీ కనపడ్డాక, "ఆ, వెళ్లొచ్చు" అనుకున్నాక, అప్పుడు పెడల్ వెతుక్కుంటాడు. అప్పటికి ఖాళీ కొంత కరిగిపోతుంది.

అక్క: ఒరేయ్, మా వాడు చేసేది అదే! కింద చూసి పెడల్ వెతుక్కుంటాడు.

తమ్ముడు: మొన్న సాయంత్రం పార్కింగ్‌లో చూశాం కదా. సుద్దముక్కతో గీత గీసి, నేను "పో" అనగానే గీత దాటమన్నాను. సీటు ఎత్తు. ఒక కాలి వేలి కొన మాత్రమే నేలకి ఆనుతోంది, సైకిల్ పక్కకి ఒరిగి ఉంది. ముందు దాన్ని నిలబెట్టాలి, తర్వాత పెడల్‌ని బూటుతో పైకి లాగాలి, అప్పుడు తొక్కాలి. మొదటి రెండు తొక్కులకి హ్యాండిల్ అటూ ఇటూ పాములా తిరిగింది. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూస్తే నాకంటే రెండు సెకన్లు ఎక్కువ.

అక్క: రెండు సెకన్లేగా అన్నాను నేను.

తమ్ముడు: 40లో వచ్చే బండి సెకనుకి 11 మీటర్లు వస్తుంది. రెండు సెకన్లకి 22. రెండు సిటీ బస్సులు ఒకదాని వెనక ఒకటి నిలబడినంత దూరం. ఆ లెక్క చెప్పాకే నువ్వు సీటు దించడానికి స్పానర్ తెచ్చావు.

అక్క: తెచ్చాను. పూర్తిగా దించినా సరిపోలేదు, అది వేరే సంగతి. చివరికి పక్క ఫ్లాట్ వాళ్ల పిల్లాడి పాత సైకిల్ తీసుకున్నాం, చిన్నది. మా వాడికి నామోషీ.

తమ్ముడు: రెండు పాదాలూ నేలకి ఆనాలి, అంతే. ఆగినప్పుడు కుడి పెడల్ పైన, కొంచెం ముందుకి ఉండాలి. ఇది అలవాటయ్యేదాకా పార్కింగ్‌లోనే ఆడించాలి. ఆగడం, కదలడం, ఆగడం, కదలడం. మనం పిల్లలకి తొక్కడం నేర్పి వదిలేస్తాం, బయల్దేరడం నేర్పం.

అక్క: హెల్మెట్ సంగతి కూడా చెప్పు, అడుగుతారు.

తమ్ముడు: పెట్టండి. పడితే తల కాపాడుతుంది. కానీ గుద్దకుండా ఆపదు. నాకు అంతకన్నా భయం మన రాంగ్ రూట్ బళ్లు. మధ్యలో డివైడర్ ఉంది కాబట్టి బళ్లు కుడి నుంచే వస్తాయనుకుంటాడు వీడు. ఎడమ నుంచి ఒక స్కూటీ, పాల క్యాన్లు వేలాడేసుకుని, తాపీగా ఎదురొస్తుంది. ఇలాంటిది ఆ అయోవా వాళ్ల తెర మీద ఉండదు.

అక్క: ఆగిన బస్సు కూడా. డ్రైవర్ మంచివాడు, పిల్లాడిని చూసి ఆపి చెయ్యి ఊపుతాడు, వెళ్లు వెళ్లు అని. వీడు సంబరంగా బస్సు ముందు నుంచి బయల్దేరతాడు. బస్సు పక్కనుంచి బైకు దూసుకొస్తుంది. ఆ బైకువాడికి బస్సు తప్ప ఏమీ కనపడదు.

తమ్ముడు: అందుకే నేనొకటే చెప్పాను. పెద్ద రోడ్డు దగ్గర సైకిల్ దిగు. నడిపించుకుంటూ దాటు. బస్సు చివర ఆగి తొంగి చూడు.

అక్క: నడిస్తే ఇంకా లేటు కదా? ఇందాకటి నుంచి సెకన్లు లెక్కపెడుతున్నావు.

తమ్ముడు: దాటడానికి లేటే. ఏడు మీటర్ల రోడ్డు అనుకో, పిల్లాడు సైకిల్ తోసుకుంటూ ఏడు సెకన్లు పట్టొచ్చు. 40లో వచ్చే బండికి ఆ టైమ్‌లో 78 మీటర్లు. అంటే చాలా పెద్ద ఖాళీ కావాలి. కానీ నడిచేవాడు ఠక్కున ఆగగలడు, రెండడుగులు వెనక్కి వేయగలడు. సైకిల్ మీద ఉన్నవాడు వెనక్కి రాలేడు. అంత పెద్ద ఖాళీ మన రోడ్ల మీద దొరకదంటావా, అయితే అది దాటే చోటు కాదు. సిగ్నల్ దాకా నడిపించుకుని వెళ్లాలి.

అక్క: సిగ్నల్ దగ్గర మాత్రం ఎవరు ఆగుతున్నారు? ఎంతసేపూ పిల్లాడికే నేర్పాలా? వేగంగా వచ్చేవాడికి ఏమీ చెప్పవా?

తమ్ముడు: చెప్పాల్సింది అక్కడే. లండన్ యూనివర్సిటీకి చెందిన రాయల్ హాలోవే కాలేజీ వాళ్లు ఇంకో పరిశోధన చేశారు, 2011లో వచ్చింది. గంటకి 30 కిలోమీటర్లు దాటి వచ్చే బండి అసలు దగ్గరికి వస్తోందా లేదా అన్నది ప్రైమరీ స్కూల్ పిల్లల కంటికి నమ్మకంగా తెలియకపోవచ్చని తేలింది. అజాగ్రత్త కాదు, ఆ చూపు ఇంకా ఎదగలేదు. నెదర్లాండ్స్ అంటే ఇప్పుడు సైకిళ్ల దేశం అంటాం కదా. 1971లో అక్కడ ఒక్క ఏడాదిలో 400 మందికి పైగా పిల్లలు రోడ్ల మీద చనిపోయారు. తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చారు. ఉద్యమం పేరు "స్టాప్ డె కిండర్‌మోర్డ్", పిల్లల హత్యలు ఆపండి అని. ప్రమాదాలు అనలేదు చూడు, హత్యలు అన్నారు.

అక్క: ఒళ్లు జలదరించింది.

తమ్ముడు: మన దగ్గర బడి ముందు స్పీడ్ బ్రేకర్ కోసమే అర్జీ పట్టుకుని తిరగాలి.

అక్క: తిరుగుదాం. ట్యూషన్ పిల్లల అమ్మల వాట్సాప్ గ్రూపు ఉంది, అందులో పెడతాను. సరే, నిన్న ఇద్దరూ కలిసి వెళ్లారుగా, ఏమైందో చెప్పు.

తమ్ముడు: నేను నా బండి పక్కన పెట్టి వాడితో నిలబడ్డాను. "ఏ ఖాళీలో వెళ్లాలో నువ్వే చెప్పు, నేను మాట్లాడను" అన్నాను. ఒకటి వచ్చింది, వదిలేశాడు. రెండోది, నాకైతే సరిపోయేదే, వదిలేశాడు. మూడోది కూడా. వెనకాల స్కూటర్ మీద ఒకాయన హారన్ మీద హారన్. వీడు వెనక్కి తిరిగి చూసి, "మావయ్యా, ఆ అంకుల్‌కి అర్జెంట్ ఏమో, పోనిద్దామా?" అన్నాడు.

అక్క: పోనిచ్చారా?

తమ్ముడు: పోనిచ్చాం. ఆయన వెనక ఒక ఆటో, దాని వెనక ఆర్టీసీ బస్సు. ట్యూషన్‌కి పది నిమిషాలు లేటు.

[కుక్కర్ విజిల్]