క్యాన్సర్ ముదిరినప్పుడు ఇంట్లో తెలియాల్సినవి

శ్రోతలకు నమస్కారం.

"నాన్నకి మాత్రం చెప్పకండి డాక్టరుగారూ." క్యాన్సర్ ఓపీ గది గుమ్మం దగ్గర రోజూ వినబడే మాట ఇది. ప్రేమతోనే అంటారు. కానీ రేడియేషన్ గది బయట బోర్డు ఆయనా చదువుకుంటాడు, పక్క మంచం వాళ్ళతో మాట్లాడతాడు, పరామర్శకొచ్చిన చుట్టాల ముఖాలు చూస్తాడు. ఇక తెలిసీ తెలియనట్టు ఉండడం ఆయన వంతవుతుంది. భయం, బాకీల లెక్క, కూతురి పెళ్ళి మాట ఎవరితోనూ చెప్పుకోలేడు. అలాగని రిపోర్టు చేతిలో పెట్టి అంతా ఒక్కసారిగా చెప్పేయమనడం లేదు. ముందు అడగండి, "నీ ఒంట్లో ఏమైందనుకుంటున్నావు నాన్నా?" అని. ఆ తర్వాత, "డాక్టరు చెప్పేది నీకే చెప్పమందామా, మాతో చెబితే చాలా?" అని. "మీరే చూసుకోండిరా" అన్నాడంటే అదీ ఆయన నిర్ణయమే.

కీమో మొదలుపెట్టే ముందు డాక్టరును తప్పక అడగాల్సింది ఒకటుంది. ఇది జబ్బు పూర్తిగా నయం చేయడానికా, కొంతకాలం అదుపులో ఉంచడానికా, బాధ తగ్గించడానికా? మూడింటికీ అదే మంచం, అదే సెలైన్ స్టాండు కాబట్టి చూసేవాళ్ళకి తేడా తెలియదు. ఎన్ని సైకిళ్ళ (అంటే విడతల) తర్వాత స్కాన్ తీసి పనిచేస్తోందో లేదో చూస్తారు, పనిచేయకపోతే ఏం చేస్తారు, అసలు తీసుకోకపోతే ఏమవుతుంది, ఇవీ అడగండి. పొలం అమ్మే ఆలోచన ఈ జవాబులు విన్నాకే.

ఇక నొప్పి. సున్నా అంటే నొప్పి లేదు, పది అంటే భరించలేనంత. రోజూ రెండుసార్లు రోగినే అడిగి, ఆ అంకె నోటుపుస్తకంలో రాయండి. పారాసిటమాల్, ట్రమడాల్ చాలనప్పుడు డాక్టరు మార్ఫిన్ మాత్రలు రాస్తారు. నల్లమందు నుంచి తీసే మందు అనగానే ఇంటిల్లిపాదీ బెదిరిపోతారు. అలవాటైపోతుందనీ, ఇక ఆఖరుకి వచ్చినట్టేననీ మాత్రలు బీరువాలో దాచి, మనిషి కేకలు పెట్టినప్పుడు ఒకటి ఇస్తారు. ఇంట్లో జరిగే పొరపాట్లన్నిటిలో పెద్దది ఇదే. మామూలు మార్ఫిన్ మాత్ర నాలుగు గంటలే పనిచేస్తుంది, అందుకే గడియారం చూసి వేయాలి. ఉదయం 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6, రాత్రి 10. రాత్రి పదింటికి రెట్టింపు రాశారంటే తెల్లవారుజామున రెండింటికి లేపకుండా ఉండడానికే. మధ్యలో నొప్పి పొడుచుకొస్తే అదనంగా ఎంత వేయాలో ముందే రాయించుకోండి, వేసిన ప్రతిసారీ టైము రాసిపెట్టండి. ఆ పుస్తకం చూసే డాక్టరు మోతాదు మారుస్తారు. చెప్పిన లెక్కలో వాడితే నొప్పి ఉన్నవాళ్ళకి ఇది వ్యసనం కావడం అరుదు, ఆయుష్షునూ తగ్గించదు. మీ అంతట మీరు ఒక్కసారిగా మాత్రం ఆపకండి.

మొదటి రెండు మూడు రోజులు మగతగా ఉంటుంది, వికారం ఉంటుంది. అవి సర్దుకుంటాయి. సర్దుకోనిది మలబద్ధకం. అందుకే మార్ఫిన్ మొదలైన రోజే విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా మొదలవ్వాలి. డాక్టరు రాయకపోతే అడగండి. మూడు రోజులు మోషన్ కాకపోతే ఫోన్ చేయండి. పిలిచినా పలకనంత మత్తు, ఊపిరి బాగా నెమ్మదించడం కనిపిస్తే ఒక్క నిమిషం ఆలస్యం చేయొద్దు. కాళ్ళూ చేతులూ ఉలికిపడినట్టు అదరడం, పొంతన లేని మాటలు, మూత్రం తగ్గడం కూడా ఆ రోజే చెప్పాలి. కిడ్నీలు దెబ్బతింటే ఈ మందు ఒంట్లో పేరుకుపోతుంది. మాత్ర మింగలేనివాళ్ళకు కొన్నిసార్లు ఫెంటనిల్ పట్టీ, అంటే చర్మానికి అంటించే నొప్పి మందు పట్టీ ఇస్తారు, అది మూడు రోజులుంటుంది. దాని మీద వేడినీళ్ళ సంచి పెట్టొద్దు, మందు ఒక్కసారిగా ఒంట్లోకి ఎక్కేస్తుంది.

మార్ఫిన్ అన్ని మందుల షాపుల్లోనూ దొరకదు. 2014లో మత్తుమందుల మీద నియంత్రణ ఉంచే ఎన్‌డీపీఎస్ చట్టాన్ని సవరించాక గుర్తింపు పొందిన ఆసుపత్రులు దాన్ని ఉంచుకోవడం తేలికైంది. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ కేర్, అంటే నొప్పీ బాధా తగ్గించే వైద్యం, విభాగం ఉంది; తెలంగాణ జిల్లాల్లోనూ ప్రభుత్వ పాలియేటివ్ కేర్ కేంద్రాలున్నాయి. డాక్టర్లు చేతులెత్తేశాక వెళ్ళే చోటు కాదది. కీమో నడుస్తుండగానే వెళ్ళొచ్చు.

ఆఖరి రోజుల్లో తిండి మానేయడం జబ్బు లక్షణం. ఆకలితో పోతున్నాడని నోట్లో ముద్ద కుక్కితే అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఊళ్ళో సెలైన్ ఎక్కిస్తే బలం వస్తుందని అనుకుంటారు. ఆ దశలో అది చాలాసార్లు కాళ్ళ వాపుగానో, గొంతులో గురగురగానో తేలుతుంది. తడిగుడ్డతో పెదాలు తడపండి, అడిగితే చెంచాడు నీళ్ళివ్వండి.

వెంటిలేటర్ కావాలా వద్దా అన్నది ఐసీయూ బయట, అర్ధరాత్రి, అన్నదమ్ములు వాదులాడుకుంటూ తేల్చే విషయం కాదు. మాట బాగున్నప్పుడే రోగిని అడగాలి. 2018లో సుప్రీంకోర్టు ముందస్తు వైద్య ఆదేశాన్ని, అంటే ఆఖర్లో ఏ వైద్యం కావాలో వద్దో ముందే రాసిపెట్టే కాగితాన్ని గుర్తించింది. 2023లో పద్ధతిని సులువు చేసింది. ఇద్దరు సాక్షుల ముందు సంతకం, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ చాలు. తన తరఫున మాట్లాడాల్సిందెవరో అందులో పేరు రాయాలి, ఒక కాపీ వాళ్ళ దగ్గర ఉండాలి.

చాలామంది డాక్టరు సలహాకు విరుద్ధమన్న కాగితం మీద సంతకం పెట్టి, చేతిలో ఒక్క మాత్ర లేకుండా రోగిని ఇంటికి తెచ్చేసుకుంటారు. దానికి బదులు ఇంట్లో పాలియేటివ్ కేర్ కోసం డిశ్చార్జి అడగండి. డిశ్చార్జి సమ్మరీ, మార్ఫిన్, రాత్రిపూట ఎత్తే ఫోన్ నంబరు, మూత్రం గొట్టం ఎప్పుడు మార్చాలో రాసిన చీటీ తీసుకునే కదలండి. ఇంట్లో కన్నుమూస్తే మరణ కారణం రాసిచ్చే డాక్టరెవరో కూడా అప్పుడే అడగండి. 21 రోజుల్లోపు మరణం నమోదు చేయించాలి. ఆ సర్టిఫికెట్ లేకపోతే బీమా, కుటుంబ పింఛను, బ్యాంకు ఖాతా అన్నీ ఆగిపోతాయి.