బారేజీకి ఆ చివర ఒక గోళీ

అందరికీ నమస్కారమండి. వెనక నిలబడ్డ పిల్లలు ముందుకొచ్చేయండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

నేను గుంటూరు దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు చెప్తాను, పంతొమ్మిదేళ్లయింది. చాలా ఏళ్లు నెప్ట్యూన్‌ని ఒక్క లైన్లో చెప్పేసేవాణ్ణి, ఎనిమిదో గ్రహం, చివరిది, నీలంగా ఉంటుంది, రాసుకోండి అని. పిల్లలు రాసుకునేవాళ్లు, మార్కు పడేది, అయిపోయేది. ఒకరోజు ఏడో క్లాసు పాప గోడ మీద చార్టు చూపించి "సార్, శని పక్కనే యురేనస్, దాని పక్కనే ఇది, ఇంత దగ్గరుంటే మనకెందుకు కనపడదు?" అంది. ఆ పాప తప్పేం లేదు, కాయితం మీద అన్నీ బెత్తెడు దూరంలోనే ఉంటాయి కదా.

అందుకని పిల్లల్ని ప్రకాశం బారేజీకి తీసుకెళ్లాం. సూర్యుడికీ భూమికీ మధ్యనున్న 15 కోట్ల కిలోమీటర్లని 40 మీటర్లు అనుకున్నాం, అప్పుడు సూర్యుడు 37 సెంటీమీటర్ల గుమ్మడికాయ అవుతాడు, దాన్ని విజయవాడ వైపు చివర పెట్టాం. 40 మీటర్లు నడిస్తే భూమి, చిన్న మిరియం గింజ, అంతే. గురుడు నిమ్మకాయంత, 208 మీటర్ల దగ్గర. శని 380. అక్కడిదాకా పిల్లలు హుషారుగానే నడిచారు, ఆ తర్వాత ఏమీ లేదు, కింద కృష్ణ నీళ్లు తప్ప, నడుస్తూనే ఉన్నాం, "ఇంకా రాలేదా సార్" అంటానే ఉన్నారు. 770 దగ్గర యురేనస్, ఒక గోళీ. మళ్లీ 430 మీటర్లు ఖాళీ. 1200 మీటర్ల దగ్గర, అంటే బారేజీ దాదాపు అయిపోయి సీతానగరం వచ్చేస్తుంటే, ఇంకో గోళీ. అదండి నెప్ట్యూన్.

చార్టు అడిగిన పాపే ఆ గోళీ పట్టుకుని వెనక్కి తిరిగి చూసి "గుమ్మడికాయ కనపడట్లేదు సార్" అంది. నేను చెప్పాల్సింది తనే చెప్పేసింది! మనకొచ్చే ఎండలో 900వ వంతే అక్కడికి చేరుతుంది, అందుకే పై మబ్బుల దగ్గర మైనస్ 200 డిగ్రీలు. ఇంకో మాట, ఈ లెక్కలో వెలుగు ఎంత స్పీడుగా పోతుందో పిల్లల చేత కట్టించాం, నిమిషానికి 5 మీటర్లు కూడా రాలేదు, చీమ పరుగు. నిజం వెలుగుకి సూర్యుడి నుంచి అక్కడికి 4 గంటలు పైనే పడుతుంది.

దూరం తర్వాత చెప్పాల్సింది అది ఎలా దొరికిందో. నాకు అన్నిటికన్నా ఇష్టమైన పాఠం ఇదే. 1781లో హెర్షెల్ అనే ఖగోళ శాస్త్రవేత్త యురేనస్‌ని చూశాడు, ఆ తర్వాత ఎన్నేళ్లు చూసినా అది లెక్క ప్రకారం నడవదు, కొన్నాళ్లు ముందుకి పోతుంది, కొన్నాళ్లు వెనకబడుతుంది. దీన్ని గ్రౌండులో ఆడించండి. ఇద్దరు పిల్లల్ని గుండ్రంగా పరిగెత్తమనండి, లోపలివాడు యురేనస్, స్పీడుగా, బయటివాడు నెప్ట్యూన్, నెమ్మదిగా, మధ్యలో ఒక చున్నీ. బయటివాడు ముందున్నంతసేపు చున్నీ లోపలివాణ్ణి ముందుకి లాగుద్ది, దాటిపోగానే వెనక్కి లాగుద్ది. మా దగ్గర లోపల పరిగెత్తే పిల్లాడు "ఎవరో వెనక్కి లాగుతున్నారు సార్" అని అరిచాడు. పారిస్‌లో లెవెరియె అనే ఖగోళ శాస్త్రవేత్త పట్టుకున్నది సరిగ్గా దాన్నే, ఎవరో లాగుతున్నారు, వాళ్లెక్కడుండాలి అని కాయితం మీద లెక్క కట్టి బెర్లిన్ అబ్జర్వేటరీలో గాలె అనే ఆయనకి ఉత్తరం రాశాడు. 1846 సెప్టెంబరు 23న ఉత్తరం చేరింది, ఆ రాత్రే గాలె టెలిస్కోప్ తిప్పాడు, పక్కన డారెస్ట్ అనే స్టూడెంటు నక్షత్రాల మ్యాపు పట్టుకుని కూర్చుని ఒక్కొక్కటీ సరిచూస్తున్నాడు, మ్యాపులో లేనిది ఒకటి దొరికింది. లెక్క చెప్పిన చోటికి ఒక్క డిగ్రీ లోపే. చెయ్యి చాపి చిటికెన వేలు ఆకాశానికి అడ్డం పెట్టండి, ఆ వేలు వెడల్పంత! ఇంగ్లండ్‌లో ఆడమ్స్ అనే గణిత శాస్త్రవేత్త కూడా విడిగా ఇదే లెక్క చేశాడు, అది కూడా చెప్పండి.

రంగు గురించి ఒక్క మాట. వాయేజర్ 2 అనే అంతరిక్ష నౌక అక్కడికి 1989 ఆగస్టు 25న వెళ్లింది, 1977లో బయల్దేరి, అంటే మన ఏడో క్లాసు పిల్లలు పుట్టినప్పుడు బయల్దేరితే ఇప్పటికి చేరినట్టు, ఇప్పటిదాకా వెళ్లింది అదొక్కటే. మబ్బులు బాగా కనపడాలని ఆ ఫొటోల్లో రంగు పెంచారు. 2024లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు మళ్లీ సరిచేసి చూస్తే లేత ఆకుపచ్చ నీలం, యురేనస్‌కీ దీనికీ పెద్ద తేడా లేదు. పిల్లలు ముదురు నీలం క్రేయాన్ తీస్తే కొట్టేయకండి, ఈ కథంతా చెప్పి లేత రంగు పక్కన పెట్టండి, ఏది వెయ్యాలో వాళ్లే తేల్చుకుంటారు.

ఇంకా పుట్టినరోజులు. అక్కడ ఏడాదంటే మనకి 165 ఏళ్లు, దొరికిన దగ్గర్నుంచి ఒక్క చుట్టు పూర్తయింది, అదీ 2011లో. ఇది విన్న మా పిల్లలు వాళ్ల తాతలకి ఫోన్లు చేసి మరీ "అక్కడ నీకు ఇంకా ఒక్క ఏడు కూడా నిండలేదు తాతా" అని చెప్పారట.

ఈ ఆదివారం పొద్దున్నే 6 గంటలకి మళ్లీ బారేజీకి వెళ్తున్నాం, ఎండెక్కకముందే నడిచేద్దాం, ఫుట్‌పాత్ మీదే, చిన్నపిల్లల చెయ్యి మాత్రం పట్టుకోండి. గుమ్మడికాయ నేను తెస్తాను. గోళీలు రెండు, ఎవరైనా పిల్లలు జేబులో వేసుకురండి.